డంపింగ్ యార్డు మట్టి, సిటీ కంపోస్ట్ బస్తా: బత్తాయి తోటలో రెండూ వాడి చూశాక

ముందే చెప్పేస్తా. డంపింగ్ యార్డులో పాత చెత్త తవ్వి, జల్లెడ పట్టి, "బయో మట్టి" అని ట్రాక్టర్ల మీద పంపిస్తున్న నల్లమట్టిని బత్తాయి పాదుల్లో పోయకండి. గుంత పూడ్చుకోవాలన్నా, కొట్టం ముందు ఎత్తు చేసుకోవాలన్నా తెప్పించుకోండి, ఆ పనికి భేషుగ్గా ఉంటుంది. పట్టణాల తడి చెత్తను మగ్గబెట్టి చేసి బస్తాల్లో అమ్మే సిటీ కంపోస్ట్ సంగతి వేరు. అది ఎరువే, కాకపోతే బస్తా మీద రాసుకున్నంత గొప్పది కాదు. రెండూ ఒకటేనని అమ్మేవాళ్లూ అంటున్నారు, కొనేవాళ్లూ అనుకుంటున్నారు. తెలిసినవాళ్లు ఒక్కొక్కరే ఫోన్ చేసి అడుగుతున్నారు కాబట్టి అందరికీ ఒకేసారి రాసి పెడుతున్నా.

మాది నల్గొండ జిల్లాలో గుర్రంపోడు వైపు. ఎర్ర చెల్క, బోరు నీళ్లు, రంగపూర్ నిమ్మ వేరు మీద కట్టిన సాత్‌గుడి రకం బత్తాయి అంట్లు. ఈ నేలకున్న పెద్ద జబ్బు సేంద్రియ కర్బనం లేకపోవడం. మట్టి పరీక్ష చేయించిన ప్రతిసారీ ఆ గడిలో "తక్కువ" అనే వస్తుంది, అర శాతం కూడా ఉండదు. వెనకట ఇంటింటికీ ఎడ్లు, బర్రెలు ఉన్నప్పుడు పెంటకు కరువు లేదు. ఇప్పుడు ఎడ్ల జాగాలో ట్రాక్టరొచ్చింది, ట్రాక్టరు పేడ వెయ్యదు కదా అంటారు మా మామ. పశువుల ఎరువు ట్రాలీ ధర ఏటేటా పెరుగుతూనే ఉంది. గొర్రెల మంద పెట్టించుకుందామంటే మంద వాళ్ల చుట్టూ తిరగాలి, వాళ్లకు తిండి, డబ్బు, పైగా మన వంతు వచ్చేసరికి దున్నకాలే అయిపోతుంది. మిషన్ కాకతీయ పనులు జరిగిన ఏళ్లలో చెరువు మట్టి బాగానే దొరికింది, మేమూ తోలుకున్నాం. ఆ తర్వాత అదీ ఆగిపోయింది. ఇలాంటి టైమ్‌లో "మట్టి ఫ్రీ అక్కా, లోడింగూ కిరాయీ ఇచ్చుకుంటే చాలు" అని ట్రాక్టర్ తమ్ముడు వచ్చి చెప్తే ఎవరికి ఆశ పుట్టదు?

తెప్పించే ముందు అది ఎలా తయారవుతుందో చూద్దామని యార్డుకి వెళ్లాను. ఏ ఊరి యార్డో రాయను. అక్కడి వాళ్లు మర్యాదగానే అంతా తిప్పి చూపించారు, వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు. 2021 అక్టోబర్‌లో స్వచ్ఛ భారత్ పట్టణ మిషన్ రెండో విడత మొదలైనప్పుడు, ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త గుట్టల్ని తవ్వి భూమి ఖాళీ చేయాలన్నది కూడా అందులో ఒక లక్ష్యంగా పెట్టారు. అంతకు ముందే, 2019లో, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పాత చెత్తను ఎలా తియ్యాలో మార్గదర్శకాలు ఇచ్చి ఉంది. పాత చెత్తను ఇలా తవ్వి వేరు చేసే పనిని బయోమైనింగ్ అంటారు, ఆ మాట మన చిన్న పట్టణాల దాకా వచ్చింది అలాగే.

పని చూడటానికి బాగుంటుంది. గుట్టను జేసీబీతో పొరలు పొరలుగా లాగి పొడవాటి వరసల్లో పోస్తారు. దాని మీద సూక్ష్మజీవుల ద్రావణం చల్లి, కొన్ని వారాలు తిరగేస్తూ ఆరబెడతారు. ఆ తర్వాత ట్రోమెల్ అనే తిరిగే డ్రమ్ము జల్లెడలో వేస్తారు. కన్నాల్లోంచి మట్టి కింద పడుతుంది. ప్లాస్టిక్ కవర్లు, గుడ్డ పేలికలు చివర నుంచి బయటికొస్తాయి. రాళ్లు, ఇటుక ముక్కలు ఇంకో పక్క. ప్లాస్టిక్‌నీ గుడ్డల్నీ బేళ్లు కట్టి ఇంధనంగా పంపిస్తారు, దాన్ని ఆర్‌డీఎఫ్ అంటారు. ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు 2016లో దీనికి ఒక లెక్క పెట్టారు: ఆర్‌డీఎఫ్ ప్లాంటుకు వంద కిలోమీటర్ల లోపు ఉండి బొగ్గులాంటి ఘన ఇంధనం వాడే పరిశ్రమలు, అందులో కనీసం 5 శాతం బదులు ఆర్‌డీఎఫ్ వాడాలని. మనకు వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు కొదవ లేదు కాబట్టి దూరం సమస్య కాదు. సిమెంటు బట్టీలో వేడి 1400 డిగ్రీలు దాటుతుంది, ప్లాస్టిక్ కాలిపోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఈ ముక్క మాత్రం నాకు నచ్చింది.

మిగిలేది మట్టి. అది కూడా తక్కువేం కాదు. చెత్త గుట్ట అంటే మనం ఇళ్లలోంచి వేసిన చెత్త ఒక్కటే అనుకుంటాం. రోడ్లు ఊడ్చిన దుమ్ము, మోరీల్లోంచి ఎత్తిన సిల్టు, ఇళ్లు కూలగొట్టిన సున్నం, ఇటుక పొడి, అన్నీ అక్కడికే చేరతాయి. ఇంత మట్టి ఎక్కడ పెట్టాలన్నది యార్డు నడిపేవాళ్లకు పెద్ద తలనొప్పి. అందుకే మనకు ఫ్రీ.

మా దగ్గర దించాక చూస్తే, నిజం చెప్పాలి, చెరువు మట్టి కన్నా అందంగా ఉంది. నల్లగా, పొడిపొడిగా. చెత్త వాసన ఏమాత్రం లేదు. పనికొచ్చిన ఆడవాళ్లు కూడా "మంచిగున్నది అక్కా" అన్నారు. మా మామ మాత్రం దగ్గరికి రాకుండా గట్టు మీదే నిలబడి, "ఊరోళ్లు పారేసింది మనం కిరాయి పెట్టి తెచ్చుకునుడేంది బిడ్డా" అన్నారు.

పరదా పట్టా పరిచి కొంత మట్టిని ఇసుక జల్లెడ పట్టించాను. జల్లెడ మీద మిగిలినవి ఇవి: సీసా పెంకులు, బోలెడన్ని విరిగిన చేతి గాజుల ముక్కలు (ఎరుపు, ఆకుపచ్చ, మెరుపులు పోకుండా అలాగే ఉన్నాయి), షాంపూ ప్యాకెట్ల మూలలు, సెలైన్ పైపు ముక్క, మాత్రల అట్టలు, తుప్పు పట్టి పగిలిన గడియారం సెల్లు. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని ఒక కవర్లో చుట్టి మట్టిలో అటూ ఇటూ లాగితే గుండుసూదులు, బ్లేడు ముక్కలు, సోడా మూతల తుప్పు అంటుకుని వచ్చాయి. కవర్ విప్పి దులిపేస్తే అయస్కాంతం శుభ్రంగా ఉంటుంది, ఈ ఉపాయం మా అబ్బాయిది. తర్వాత బకెట్ నీళ్లలో నాలుగు దోసిళ్లు వేసి కలిపాను. పైకి సన్నటి ప్లాస్టిక్ పోగులు తేలాయి. నీళ్లు తేరుకున్నాక డికాక్షన్ రంగులో ఉన్నాయి. మా తోట మట్టి వేసిన బకెట్లో నీళ్లు తేరుకుంటే అడుగు కనిపిస్తుంది.

జల్లెడ మీద దొరికిన వాటిలో పాల ప్యాకెట్ మూల ఒకటి ఉంది. కడిగితే తేదీలో చివరి అంకెలు కనిపించాయి, 09 అని. అంటే ఆ ప్యాకెట్‌లో పాలు తాగిన పిల్లలు ఈపాటికి డిగ్రీ చదువుతూ ఉంటారు. ప్యాకెట్ మాత్రం రంగు కూడా పోలేదు.

దీని గురించి చదువుతుంటే విలియం రాత్జే అనే ఆయన గురించి తెలిసింది. అమెరికాలో అరిజోనా విశ్వవిద్యాలయంలో పురావస్తు శాస్త్రవేత్త. పాత నాగరికతల పెంటకుప్పలు తవ్వే పద్ధతిలోనే ఇప్పటి జనం చెత్తను తవ్వి చూద్దామని 1973లో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాడు. 1987 నుంచి ఏకంగా పాత చెత్త గుట్టల్నే తవ్వించాడు. దశాబ్దాల కిందటి న్యూస్ పేపర్లు చదవడానికి వీలుగా బయటపడ్డాయి. చెత్తను పూడ్చిపెడితే దానంతటదే కుళ్లి మట్టైపోతుందన్న నమ్మకం అక్కడితో పోయింది. గాలి, తడి సరిగ్గా అందకపోతే కాగితం కూడా అలాగే ఉండిపోతుందని తేలింది. మన చెత్తలో తడి ఎక్కువ, కూరగాయల తొక్కలు, అన్నం, ఆకులు ఎక్కువ. అవి కుళ్లుతాయి, కానీ గుట్ట లోపల గాలి లేకుండా కుళ్లుతాయి. అలా కుళ్లితే వచ్చే గ్యాసులో దాదాపు సగం మీథేన్. ఎండాకాలంలో డంపింగ్ యార్డులు రోజుల తరబడి పొగలు కక్కడానికి కారణాల్లో అదొకటి. రైతు లెక్కలో చెప్పాలంటే, నేలకు కావలసిన కర్బనం ఇన్నేళ్లూ గ్యాసై గాలిలో కలిసింది, కొంత నల్లటి ఊట నీరై కిందికి ఇంకింది. ఇప్పుడు జల్లెడ కింద పడేది ఆ మిగిలిన ఖనిజం మట్టి, దాంతో పాటు ఎక్కడికీ పోలేని లోహాలు, ఉప్పు.

ఉప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాలో గొడవంతా ఇక్కడే వస్తోంది. బోరు నీళ్ల కోసం కొన్న చిన్న ఈసీ మీటర్ (విద్యుత్ వాహకతను బట్టి నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపించేది) మా ఇంట్లో ఉంది. ఒక వంతు మట్టికి ఐదు వంతుల నీళ్లు కలిపి, తేర్చి, మా తోట మట్టినీ, పశువుల ఎరువునీ, ఈ డంపు మట్టినీ ఒకే పద్ధతిలో చూశాను. డంపు మట్టి నీళ్లలో ఉప్పు మా తోట మట్టి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చూపించింది. బత్తాయి, నారింజ జాతి ఉప్పుకు బొత్తిగా ఓర్వదు. తడిపిన మట్టిలోంచి తీసిన నీళ్లలో విద్యుత్ వాహకత (ఈసీ) మీటరుకు 1.7 డెసీసీమెన్లు దాటిందంటే నారింజ జాతిలో దిగుబడి పడిపోవడం మొదలవుతుందని శాస్త్రవేత్తల లెక్క. పత్తికి ఆ గీత 7.7. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి. "నేను వేశాను, నాకేం కాలేదు" అని చెప్పే రైతును ముందు నీ పంట ఏదని అడగండి. మా పక్క చేను ఆయన పత్తిలో వేశాడు, చేను బాగానే ఉంది, ఆయన చెప్పేదాంట్లో అబద్ధం లేదు. ఆయన పత్తి తట్టుకున్నదాన్ని నా బత్తాయి తట్టుకోవాలని మాత్రం లేదు.

విచిత్రం ఏమిటంటే, పాత చెత్త గుట్టను తవ్వి మట్టి తీసిన పని ప్రపంచంలో మొదట నమోదైంది నిమ్మజాతి తోటల కోసమే. 1953లో ఇజ్రాయెల్‌లో టెల్ అవీవ్ పక్కన హిరియా అనే డంపును తవ్వి, జల్లెడ పట్టిన మట్టిని అక్కడి తోటలకు తోలారు. ట్రాక్టర్ తమ్ముడికి ఈ సంగతి తెలిస్తే నన్ను అసలు వదిలేవాడు కాదు. కానీ 1953 నాటి చెత్తలో ఏముంటుంది? కూరగాయల చెత్త, బూడిద, కాగితం, గుడ్డ. షాంపూ ప్యాకెట్లు లేవు, రిమోట్ సెల్లులు లేవు, పాడైపోయిన ఛార్జర్లు లేవు. మన గుట్ట వయసు, దాని వయసు ఒకటైనా కడుపులో ఉన్నది ఒకటి కాదు.

మన దగ్గరి గుట్టల మీద ఐఐటీ ఢిల్లీ వాళ్లు పరిశోధన చేశారు. ఢిల్లీ, హైదరాబాద్, కడప పాత డంపుల్లోంచి ఇలాంటి మట్టే తీసి పరీక్షిస్తే, చుట్టుపక్కల మామూలు నేలతో పోల్చినప్పుడు రాగి, జింకు, సీసం, క్రోమియం, కాడ్మియం లాంటి లోహాలు ఎక్కువగా కనిపించాయి. కరిగే లవణాలు ఎక్కువ. నీళ్లలో వేస్తే రంగు దిగడం కూడా వాళ్లు గమనించారు, నా బకెట్లో కనిపించినట్టే. జాగ్రత్తలు తీసుకుని పల్లం పూడ్చడానికి వాడుకోవచ్చు గానీ, పరీక్షలు లేకుండా ఎరువుగా వాడే సరుకు కాదన్నది దాని సారం. "జింకు ఉంది కదక్కా, బత్తాయికి జింకు కావాలి కదా" అని ఒకరు నాతో వాదించారు. కావాలి. దానికి జింక్ సల్ఫేట్ కొని ఆకుల మీద కొడితే సరిపోతుంది, సీసంతో కలిపి తెచ్చుకోనక్కర్లేదు.

తోట మొత్తం మీద ప్రయోగం చేసే ధైర్యం నాకు లేదు. కంచె పక్క వరసలో కొన్ని చెట్ల పాదుల్లో మాత్రమే పోయించి, దాని పక్క వరసను వదిలేశాను. వానాకాలం అంతా తేడా లేదు, పైగా ఆ వరస కొంచెం పచ్చగా కూడా కనిపించింది. వయ్యారిభామ మాత్రం విపరీతంగా మొలిచింది. ఎండలు ముదిరి బోరు తగ్గాక అదే వరసలో ఆకుల అంచులు మాడాయి. పక్క వరసకు ఇచ్చిన నీళ్లే దీనికీ ఇచ్చాం, అక్కడ మాడలేదు. కేవలం మట్టి వల్లే అని ఒట్టు పెట్టి చెప్పను. చెట్లేమీ చచ్చిపోలేదు.

అయినా నన్ను ఆపింది ఆకులు కాదు. పాదుల్లో గడ్డి తీసే ఆడవాళ్లు ఆ వరసలోకి వచ్చేసరికి ఆగిపోయారు. "ఈడ మేం తియ్యం అక్కా, చేతులు తెగుతున్నయి" అన్నారు. ఒకామె వేలు చూపించింది, గాజు పెంకు నిలువునా గీసుకుపోయింది. గ్లవ్స్ తెచ్చిచ్చాను. గ్లవ్స్‌తో పాదులో సన్న గడ్డి పట్టు దొరకదు, పని సగానికి పడిపోయింది, అందరికీ చిరాకు. కూలి రేట్లు ఇప్పుడు ఎలా ఉన్నాయో మీకు తెలుసు. ఫ్రీ మట్టి మీద మిగిలిన డబ్బు అక్కడే పోయింది. మట్టి మళ్లీ ఎత్తించాం, కానీ పెంకులు అన్నీ రావు. ఇంకా ఏళ్ల పాటు ఆ వరసలో చెప్పుల్లేకుండా తిరగలేం.

ఎత్తిన మట్టినీ, మిగిలిన మట్టినీ మోటార్ షెడ్డు వెనక మొరం తవ్విన పాత గుంతలో పోయించి, పైన మందంగా మొరం కప్పించాం. ఇప్పుడక్కడ ట్రాక్టర్ తిరుగుతోంది, కాయ లోడింగ్ అక్కడే. ఈ పనికి నేను ఐదుకు నాలుగు ఇస్తా. బోరు పక్కన, బావి పక్కన మాత్రం పొయ్యకండి, ఆ డికాక్షన్ ఎటు ఇంకుతుందో గుర్తుంచుకోండి. నల్గొండ వాళ్లం ఫ్లోరైడ్ నీళ్లు తాగి బతికినవాళ్లం, హైదరాబాద్ మురికి మూసీలో కొట్టుకొచ్చి మన పొలాల్లో పారడం చూస్తున్నవాళ్లం. నీళ్ల దగ్గర కొత్త రిస్క్ మనకొద్దు. ఎరువుగా అయితే దీనికి ఐదుకు ఒకటి, అది కూడా మొదట్లో పచ్చగా కనిపించినందుకు.

ఇక సిటీ కంపోస్ట్ బస్తా. ఇది వేరే దారిలో వచ్చే సరుకు. పాత గుట్ట తవ్వి కాదు, రోజూ వచ్చే తడి చెత్తను వరసలుగా పోసి, గాలి తగిలేలా తిరగేస్తూ మగ్గబెట్టి చేస్తారు. సరిగ్గా చేస్తే కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటుతుంది, రోగకారక క్రిములు, కలుపు గింజలు చాలావరకు అందులోనే చస్తాయి. దీనికి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో ప్రమాణాలు ఉన్నాయి: నత్రజని కనీసం 0.8 శాతం, కర్బనం కనీసం 12 శాతం, తేమ 15 నుంచి 25 శాతం మధ్య, 90 శాతం సరుకు 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలి, కిలోకి సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదు. డంపు మట్టికీ దీనికీ నాకు కనిపించిన అసలు తేడా ఇదే. దీంట్లో తేడా వస్తే అడగడానికి ఒక కాగితం ఉంది.

బలం లెక్క వేసుకుందాం. 0.8 శాతం అంటే టన్నుకు 8 కిలోల నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం చొప్పున 20 కిలోలకు పైనే ఉంటుంది. అంటే 50 కిలోల సిటీ కంపోస్ట్ బస్తాలు ఇరవై మోసుకొచ్చి వేస్తే, అర బస్తా యూరియాలో ఉన్నంత నత్రజని కూడా రాదు. కాబట్టి "ఇది వేస్తే యూరియా అక్కర్లేదు" అనే డీలర్ మాట నమ్మకండి. మనం దీన్ని కొనేది కర్బనం కోసం, నేల గుల్లబారడానికి, నీళ్లు పట్టి ఉంచడానికి. ఆ లెక్కలో చూస్తేనే ధర గిట్టుబాటు. 2016లో కేంద్రం టన్నుకు 1500 రూపాయలు ప్రోత్సాహకం ప్రకటించింది, సరుకు అమ్మే కంపెనీకి వెళ్లేలా, రైతుకు ధర తగ్గాలని. నేను కొన్న చోట డీలర్ దీన్ని సొంతంగా అమ్మలేక యూరియాకు ముడిపెట్టాడు. యూరియా కావాలంటే ఇవీ తీసుకోవాల్సిందే అన్నాడు. క్యూలో నిలబడి ఉన్నప్పుడు ఎవరు వాదిస్తారు? అలా ఇంటికొచ్చిన బస్తాలు చాలామంది కొట్టాల్లో మూతి విప్పకుండా పడి ఉన్నాయి. మంచి సరుకుకు చెడ్డపేరు రావాలంటే ఇంతకన్నా ఇంకేం చెయ్యాలి?

నా బస్తాలు రెండు విడతల్లో వచ్చాయి, ఒకే కంపెనీ, ఒకే బొమ్మ, కానీ లోపల సరుకు ఒకటి కాదు. మొదటి విడత బాగుంది. జల్లెడ పడితే ప్లాస్టిక్ చాలా తక్కువ, గాజు తళుకులు అక్కడక్కడా. వాసన తొలకరి మట్టి వాసన. రెండో విడత బస్తా విప్పగానే పులిసిన వాసన కొట్టింది. మధ్యలో ఇనప చువ్వ గుచ్చి కాసేపు ఉంచి తీస్తే వెచ్చగా ఉంది. పూర్తిగా మగ్గలేదన్నమాట. మగ్గని కంపోస్ట్ నేలలో పడితే, అది మగ్గడానికి కావలసిన నత్రజనిని నేలలోంచే లాక్కుంటుంది, చెట్టు పసుపెక్కుతుంది.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటి చెప్తా. రెండు చిన్న కుండీలు. ఒకదాంట్లో మామూలు మట్టి, ఇంకోదాంట్లో సగం మట్టి సగం కంపోస్ట్. రెండింట్లోనూ లెక్కపెట్టి సమానంగా మెంతులు చల్లండి. వారం లోపే తెలిసిపోతుంది. మొదటి విడత కంపోస్ట్ కుండీలో మెంతికూర మట్టి కుండీ కన్నా ముందే లేచింది, పప్పులో వేసేశాం. రెండో విడత దాంట్లో సగానికి సగం మొలవలేదు, మొలిచినవి వేరు కొనలు గోధుమ రంగుకు తిరిగాయి. డీలర్‌కి చూపిస్తే, "మెంతులు పాతవేమో మేడం" అన్నాడు. ఆ బస్తాలను నీడలో కుప్ప పోసి, తడుపుతూ, తిరగేస్తూ నెలకు పైనే మగ్గబెట్టుకున్నాం. తర్వాత మెంతులు మొలిచాయి. అవి అవే మెంతులు.

పాదుల్లో వేశాక వచ్చిన తేడా: మట్టి పైన పెచ్చు కట్టడం తగ్గింది. డ్రిప్ ఆపాక తేమ ఇంతకు ముందు కన్నా ఎక్కువసేపు నిలుస్తోంది. పాదు అంచులో గడ్డపారతో మెల్లగా పెకలించి చూస్తే తెల్లటి పీచు వేళ్లు పైపొరలోనే కనిపిస్తున్నాయి. కత్తెర కాపులో కాయ సైజు పెరిగిందా అని అడిగితే, పెరిగింది, కానీ ఆ ఏడాది వానలు బాగా పడ్డాయి, ఆ క్రెడిట్ కంపోస్ట్‌కి ఇవ్వను. ఉప్పు విషయంలో దీన్ని కూడా కళ్లు మూసుకుని నమ్మొద్దు. ప్రమాణం ప్రకారమే ఈసీ 4 దాకా ఉండొచ్చు. అందుకే పాదంతా నింపకుండా, మొదలుకు దూరంగా, చెట్టు నీడ అంచున గాడి తీసి, పశువుల ఎరువుతో సగం సగం కలిపి వేయించాను. అదీ వానలు ఉన్నప్పుడే, ఉప్పు కిందికి దిగిపోయేలా. మంచి విడతకు ఐదుకు మూడున్నర, పులిసిన విడతకు రెండు.

ఈ రెండింటికన్నా మంచి సరుకు ఒకటుంది, అది మనకు దొరకదు. పక్క పట్టణంలో కూరగాయల మార్కెట్ చెత్తను విడిగా తెచ్చి ఒక షెడ్డులో కంపోస్ట్ చేస్తున్నారు. తెలిసినవాళ్ల ద్వారా కొంచెం తెచ్చుకున్నా. జల్లెడ మీద మిగిలినవి రెండు మూడు రబ్బర్ బ్యాండ్లు, కొబ్బరి పీచు, అంతే. అయస్కాంతానికి ఏమీ అంటలేదు. ఇందులో పెద్ద టెక్నాలజీ ఏమీ లేదు. లోపలికి ప్లాస్టిక్, సెల్లులు రానివ్వలేదు కాబట్టి బయటికి రాలేదు. ట్రోమెల్ ఎంత బాగా తిరిగినా గాజు పొడిని, కరిగిన సీసాన్ని వేరు చెయ్యలేదు. ఆ పని మన వంటింట్లో రెండు డబ్బాల దగ్గరే అవుతుంది.

ఇది మన దగ్గర కాని పని కూడా కాదు. సూర్యాపేట మన ఉమ్మడి జిల్లాలో ఉన్నప్పుడే, 2003 ప్రాంతంలో, అక్కడి మున్సిపాలిటీ ఇంటింటికీ తిరిగి తడి చెత్త, పొడి చెత్త విడివిడిగా తీసుకుని, రోడ్ల మీద చెత్త కుండీలే తీసేసింది. తడి చెత్తతో ఎరువు చేసి అమ్మారు, పొడి చెత్త కొనేవాళ్లకు ఇచ్చారు. ఎక్కడెక్కడి మున్సిపాలిటీల వాళ్లో చూడటానికి వచ్చేవాళ్లు. ఇప్పుడు మా ఊళ్లో కూడా పంచాయతీ ట్రాక్టర్ ఉంది, పల్లె ప్రగతిలో కట్టిన సెగ్రిగేషన్ షెడ్డు ఉంది. షెడ్డులో తొట్లు ఉన్నాయి. తొట్లలో వానపాములు ఎప్పుడైనా ఉన్నాయో లేదో అడగకండి, ప్రస్తుతానికి అక్కడ ఎవరివో వడ్ల బస్తాలు ఉన్నాయి.

కొనాలనుకునేవాళ్లకు ఇంకో రెండు మాటలు. బస్తా మీద తయారీ నెల, లాట్ నంబర్, పోషకాల శాతాలు అచ్చు వేసి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే అది సిటీ కంపోస్ట్ పేరు పెట్టుకున్న ఇంకేదో. ఒక బస్తా ముందు తెచ్చుకుని, మెంతులు మొలిచాకే మిగతావి దింపించుకోండి. బిల్లు అడిగి తీసుకోండి, మా డీలర్ అడిగితే గానీ ఇవ్వలేదు. డంపు మట్టి గుంత పూడ్చడానికే తెప్పించుకునేవాళ్లయితే ట్రాలీ లెక్కన కిరాయి మాట్లాడుకోండి, బరువు లెక్కన వద్దు. వాన పడ్డాక యార్డులో అది నీళ్లు బాగా తాగుతుంది, తడికి కూడా మీరే డబ్బు కట్టాల్సి వస్తుంది. దించే చోట పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే జాగా అయితే పైన కనీసం జానెడు మందం మొరం కప్పించాకే లెవెల్ చేయించండి.